చెప్పు రబ్బరు అచ్చులు

"అన్నాచ్చీ, ఈ లైను చూసినారా? వెంట్రుకంత సన్నంగా పడింది! ఏం బ్లాకండీ ఇది?"

అడిగినవాడు భుజం మీది అట్టపెట్టెల కట్టను దించనైనా దించలేదు. విరుదునగర్ బజారులో సీనివాసన్ అన్నాచ్చి ఫ్యాన్సీ స్టోరుకు ప్రెస్సు నుంచి సరుకు తెచ్చినవాడతను. గల్లాపెట్టె మీద పరిచిన గ్రీటింగ్ కార్డుల్లోంచి ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. పైన నక్షత్రం, కింద పశువుల తొట్టి, తొట్టిలో గడ్డి మీద బాలయేసు. గడ్డిపరకలు దేనికది విడిగా కనిపిస్తున్నాయి.

మారీశ్వరికి లోపల పొంగిపోయింది. కోవిల్‌పట్టి నుంచి బస్సులో, సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎవరి మోచెయ్యీ తగలకుండా కాపాడుకుంటూ తెచ్చిన కార్డులవి. అన్నాచ్చి అప్పటికే క్రిస్మస్‌వి ఒకవైపు, పొంగల్‌వి ఒకవైపు వేరు చేస్తున్నాడు. ఆర్డరు దొరికినట్టే.

"రబ్బరు" అంది.

"ఏం రబ్బరు?"

"చెప్పు రబ్బరు. అరిగిపోయిన హవాయి చెప్పును బాగా కడిగి, ఎండబెట్టి, బ్లేడుతో చెక్కినాను."

అతను పకపకా నవ్వేశాడు. "అన్నాచ్చీ! మా బాలయేసును చెప్పుతో అచ్చేసినారు!"

రిబ్బన్లు ఎంచుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు గిరుక్కున తిరిగారు. అన్నాచ్చి నిప్పు తగిలినట్టు కార్డుల మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"ఏమ్మా, పండగ కార్డమ్మా ఇది! జనం కళ్ళకద్దుకుని తీసుకుంటారు. చెప్పు అని తెలిస్తే మళ్ళీ నా అంగడి మెట్టెక్కుతారా? చెక్క బ్లాకని ఒక్క మాట అనుంటే పోయేది కదా!"

"అడిగినారు. ఉన్నది చెప్పినాను." మారీశ్వరి కార్డులన్నీ సంచిలో వేసుకుని మెట్లు దిగింది. అప్పటిదాకా నడిచిందంతా అరవంలో. వీధిలోకి రాగానే కోపం ఇంటి భాషలో బయటపడింది. "పండ్లికిలించే కోతి! వాని నోట్లో మన్ను బడ!"

"మన్నెందుకండీ? మా అమ్మ కూడా అచ్చం ఇట్లే తిడతాది."

తెలుగు! మారీశ్వరి ఉలిక్కిపడి చూసింది. ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకునే భాష అది. నడిబజార్లో ఒక మగవాడు ఆ భాషలో పలకరిస్తే, అడక్కుండా వంటింట్లోకి వచ్చి పీట వేసుకున్నట్టనిపించింది.

"నా పేరు జెబకుమార్. ప్రెస్సులో డై కటింగు నా పని. అట్టలు బాక్సుల ఆకారంలో తెగేదానికి డైలు చేస్తా. సారీ అండీ, కావాలని అనలేదు. అంత బాగుంటే నవ్వొచ్చేసింది."

"కావాలని అనకుండానే ఇంత చేసినావు. కావాలని అనుంటే ఇంకేం చేసుందువో!"

బస్సెక్కి కూర్చున్నాక కూడా ఆమె చెవులు వేడిగానే ఉన్నాయి. అతను కింద నిలబడి ఏదో అంటున్నాడు. కిటికీ షట్టరు దడాలున దించేసింది.

*

మారీశ్వరి, వాళ్ళమ్మ పొన్నమ్మాళ్ ఇద్దరూ కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పనికి పోతారు. నాయన ముత్తుసామిది మిరపకాయల గోడౌనులో మూటలు మోసే పని. ఆయన చొక్కాలో ఎంత ఘాటో, మాటలో అంత ఘాటు.

"చెప్పుతో అచ్చేసి పండగ కార్డా? వాడు అంగట్లోంచి తరిమింది సరిపోలేదు" అన్నాడు. "పొంగల్ వచ్చే తై నెలలో మా అక్క కొడుక్కు నిన్ను ముడిపెట్టేస్తా. అంతవరకూ ఆడుకో."

"ఇది ఆట కాదు నాయనా. ముడి సంగతి నన్ను అడగనేలేదు నువ్వు."

"అడిగేదేంది? చెప్పేదే!"

మారీశ్వరి లేచి పోయి కార్డులు సంచిలో సర్దుకుంది. ఆదివారం పొద్దున్నే కోవిల్‌పట్టి బస్టాండు పక్కన, వేరుశనక్కాయల కడలమిఠాయి అమ్మే వరసలో, ఒక బల్ల వేసుకుని కూర్చుంది. కార్డులు పరిచి, వెనక అట్టముక్క నిలబెట్టింది. దాని మీద పెద్ద పెద్ద అరవ అక్షరాలు: 'ఇవి చెప్పు రబ్బరుతో అచ్చేసిన కార్డులు. ఇష్టం లేనివాళ్ళు ముట్టుకోవద్దు.'

ముట్టుకోవద్దంటే ముట్టుకోకుండా ఎవరుంటారు? మొదట కాలేజీ అమ్మాయిలు వచ్చారు. "అయ్యో, నిజంగా చెప్పేనా?" అంటూ తిప్పి తిప్పి చూశారు. మారీశ్వరి అచ్చు తీసి చూపించింది. ఒకవైపు అరిగిన మడమ గుర్తు, రెండోవైపు జొన్నకంకి మీద పిచ్చుక. "సూపర్ అక్కా!" అని తలా ఒకటి తీసుకున్నారు. తర్వాత ఒక టీచరమ్మ వచ్చింది. ఒక కండక్టరు, పనిగట్టుకుని తిట్టడానికి వచ్చినవాడు, చూసి చూసి పెళ్ళాం కోసం ఒకటి కొనుక్కుపోయాడు.

మధ్యాహ్నానికి జెబకుమార్ బస్సు దిగాడు. అట్టముక్క మీది రాత చదివి ఆగిపోయాడు.

"నవ్వు, నవ్వు. ఇక్కడ నిన్ను చూసి భయపడే అన్నాచ్చి ఎవరూ లేరు" అంది మారీశ్వరి.

"నవ్వడానికి రాలేదండీ. అన్నాచ్చినడిగి మీ ఊరు కనుక్కోని, సారీ చెప్పేదానికి వచ్చినా. ఆ దినం మీరు షట్టరు దించేసినారు."

"ఇప్పుడు దించే షట్టరు లేదని వచ్చినావా?"

అంతలో వాన అందుకుంది. మార్గళి నెల చలిలో దారి తప్పి వచ్చిన వాన. రోడ్డు మీద దుమ్ము లేచి, మళ్ళీ అణిగి, అంతలోనే నీళ్ళు పారాయి. ఇద్దరూ బల్ల చెరో కొస పట్టుకుని టీకొట్టు పంచలోకి పరుగెత్తారు. తీరా చూస్తే సగం కార్డుల మీద పిచ్చుకలు కరిగి నీలిమరకలైపోయాయి. మారీశ్వరి ఒక్క కార్డు కూడా పారేయకుండా దేనికది విదిలించి ఆరబెట్టసాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని మాత్రం కిందికి పడనివ్వలేదు.

"ఇది స్టాంపు ప్యాడు ఇంకు" అన్నాడతను మెల్లగా. "నీళ్ళు పడితే పోతాది. ప్రెస్సు ఇంకు నూనె ఇంకు. ఎంత తడిసినా కదలదు."

"నిన్ను సలహా ఎవరడిగినారు?"

"ఎవరూ అడగలేదు."

"మరి?"

"ఊరకే నిలబడితే మీ ముఖం చూడబుద్ధవుతా ఉంది. దానికే ఏదో ఒకటి మాట్లాడతా ఉండా."

మారీశ్వరి తల తిప్పుకుంది. టీకొట్టు రేకుల మీద వాన తెగ చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడు ఉండబట్టి సరిపోయింది, లేకుంటే ఆమె గుండె చప్పుడు టీమాస్టరుకు కూడా వినపడేదే.

*

పై ఆదివారం అతను ఒక డబ్బా ప్రెస్సు ఇంకు, చెక్కపలకలో బిగించిన ఒక డై తెచ్చాడు. ఉక్కు రేకును వంచి వంచి పిచ్చుక ఆకారం తెచ్చాడు. దాని కింద అట్ట పెట్టి కొయ్యసుత్తితో కొడితే పిచ్చుక కిటికీలాగా తెగుతుంది.

మారీశ్వరి కొట్టి చూసింది. "ముక్కు మొద్దుగా ఉంది. ఇది పిచ్చుకా, కోడిపెట్టా?"

అతను దాన్ని తీసుకుపోయి, మళ్ళీ వంచి తెచ్చాడు. ఈసారి తోక బాగాలేదంది. మళ్ళీ తెచ్చాడు.

"మా ఓనరు కూడా నన్నింత సతాయించడు."

"అయితే ఓనరుకే చేసి ఇచ్చుకో."

"ఆయనకు నీ అంత కోపం రాదు. బోరు కొడతాది."

అతని 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిపోయిందో ఇద్దరికీ తెలియదు. తై నెల వచ్చింది. అత్త వాళ్ళు పూలు పండ్లతో వస్తే మారీశ్వరి వాళ్ళ ముందే "నాకు ఇష్టం లేదత్తా. బావ మంచివాడు. నేనే చేసుకోను" అనేసింది. అత్త కోపంగా లేచిపోయింది. ముత్తుసామి కూతురితో మాట్లాడటం మానేశాడు.

ఆ సంగతి విన్న వారంలోనే జెబకుమార్ బస్టాండులో ఆమె చేతికి ఒక కార్డు ఇచ్చాడు. మడిచి ఉంది. అతని ముఖం మిరపపండులా ఉంది.

మారీశ్వరి విప్పకుండానే తిరిగిచ్చేసింది. "కార్డులమ్మే నాకే కార్డిస్తావా? నోటితో చెప్పు."

"ఇక్కడా? ఇంతమంది ఉండారే!"

"ఇంతమంది ముందు చెప్పలేనివాడివి మా నాయన ముందు ఏం చెప్తావు?"

జెబకుమార్ గొంతు సవరించుకున్నాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా అప్పుడే మాటలు ఆపేసినట్టనిపించింది.

"మారీ, నువ్వంటే నాకు ఇష్టం. నిన్నే చేసుకుంటా."

"వినపడలేదు."

అతను అరిచి చెప్పాడు. కడలమిఠాయి అమ్మే ముసలమ్మ "వినపడిందిలే తండ్రీ, తిరునెల్వేలి దాకా వినపడింది!" అంది. మారీశ్వరి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకూ ఇష్టమే" అంది. ఆమె మాత్రం అరవలేదు.

*

ఇక్కడితో అయిపోతే బాగుండేది. జెబకుమార్ వాళ్ళు వేదంవాళ్ళు, అంటే క్రైస్తవులు, ఆదివారం తప్పకుండా చర్చికి పోయేవాళ్ళు. ముత్తుసామి "వాడు మన దారికి వస్తే చూద్దాం" అన్నాడు. జెబకుమార్ వాళ్ళమ్మ తంగమ్మాళ్ "పిల్ల జ్ఞానస్నానం తీసుకుంటేనే" అంది.

"ఒక పని చేద్దాం" అన్నాడు జెబకుమార్. "మా అమ్మ కోసం ఊ అను. తల మీద కొంచెం నీళ్ళు పోస్తారు, అంతే. తర్వాత నీ ఇష్టం, నీ గుడికి నువ్వు పో. నేనేం అనను."

మారీశ్వరి చేతిలోని అచ్చు కింద పెట్టింది.

"అన్నాచ్చికి చెక్క బ్లాకని ఒక్క అబద్ధం చెప్పుంటే నా ఆర్డరు నిలిచేది. కార్డు ముక్క కోసమే చెప్పనిదాన్ని, మీ అమ్మ దేవుని ముందు చెప్తానా? నన్ను దొంగను చేసి ఇంట్లోకి తీసుకుపోతావా?"

"అది కాదు మారీ..."

"అదే. మీ అమ్మకు భయపడి నన్ను అబద్ధం ఆడమంటా ఉండావు. పో. భయం తీరినాక రా."

అతను పోయాడు. ఎండలు ముదిరాయి. ఆదివారాలు వచ్చి పోతూనే ఉన్నాయి. విరుదునగర్ బస్సు వచ్చినప్పుడల్లా మారీశ్వరి చూడకూడదనుకునేది, చూసేది, తనను తానే తిట్టుకునేది. కార్డులు మాత్రం ఆపలేదు. పుట్టినరోజులకు చేసింది, గృహప్రవేశాలకు చేసింది. కొయ్యసుత్తితో ఒక్కోసారి అవసరానికి మించి గట్టిగా కొట్టేది.

ఒక సాయంత్రం తలుపు దగ్గర ఒక పెద్దావిడ నిలబడింది. తెల్లచీర, నుదుటి మీద బొట్టు లేదు. వెనకాల తల వంచుకుని జెబకుమార్.

"నేను తంగమ్మాళ్‌ను" అందావిడ తెలుగులో. "వీడు పాస్టరు దగ్గరికి పోయి, ఆ పిల్ల నమ్మకుండా స్నానం తీసుకోదు, తీసుకోమని నేనూ అడగను, ఆమెనే చేసుకుంటానని చెప్పొచ్చినాడు. నాకు కూడా చెప్పకుండా! ఇంత ధైర్యం నేర్పింది ఎవరో చూద్దామని వచ్చినా."

పొన్నమ్మాళ్ కంగారుగా చాప పరిచింది. ముత్తుసామి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏమ్మా, నేనే నీళ్ళు తెచ్చి పోస్తే?" అని అడిగింది తంగమ్మాళ్.

"పోయొద్దండత్తా. నమ్మకం లేకుండా తల తడుపుకుంటే జలుబు చేస్తాది, అంతే."

తంగమ్మాళ్ ఒళ్ళంతా ఊగేలా నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుంది. "నాకు కష్టంగానే ఉంది తల్లీ, లేదనను. కానీ అబద్ధం ఆడే కోడలికంటే నువ్వే మేలు" అంది.

వాకిట్లో జెబకుమార్ మెల్లగా అడిగాడు. "భయం తీరింది. రావచ్చునా?"

"వచ్చేసినావు కదా! ఇంకా అడుగుతావేంది?" అంది మారీశ్వరి. అతని చొక్కా గుండీ ఒకటి ఊడి వేలాడుతుంటే, అందరూ చూస్తుండగానే దాన్ని లాగి చేతిలో పెట్టింది.

*

పెళ్ళి రిజిస్టరాఫీసులో. పత్రికలు మారీశ్వరే చేసింది. పైన ఏ దేవుని పేరు వెయ్యాలని పొన్నమ్మాళ్ అడిగితే, "ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుని చదువుకుంటారులే" అంది.

"నేను రాను. నా పేరు వెయ్యొద్దు" అన్నాడు ముత్తుసామి. అన్ని నెలల తర్వాత కూతురితో ఆయన అన్న మొదటి మాట అది.

"రాకపోతే నీ ఇష్టం నాయనా. పేరు మాత్రం వేస్తా. ఎవరి కూతుర్నో దాచిపెట్టి పెళ్ళి చేసుకోను."

అన్నట్టే వేసింది. పత్రికలు తాడు మీద ఆరేసి పనికి పోయింది.

తిరిగొచ్చేసరికి ముత్తుసామి ఒక పత్రిక చేతిలో పట్టుకుని తాడు కింద నిలబడి ఉన్నాడు. మారీశ్వరి గుమ్మంలోనే ఆగిపోయింది. చించేస్తాడేమో అనుకుంది. చించితే మళ్ళీ అచ్చేస్తాననీ అనుకుంది.

"ఏందిది?" అన్నాడాయన.

"పత్రిక."

"అది తెలుసు. ముత్తుసామి అని మాత్రం వేసినావే, ఇనిషియల్ ఏది? ఈ వీధిలోనే ఎంతమంది ముత్తుసామిలు ఉండారు! మా నాయన వెళ్ళైసామికి పుట్టినోణ్ణి నేను. ముందర 'వె' లేకుంటే పెళ్ళికూతురి నాయన ఎవడనుకుంటారు జనం?"

మారీశ్వరి గుమ్మం దాటి తాడు దగ్గరికి వచ్చింది. "అన్నీ మళ్ళీ అచ్చెయ్యాల్నా?" అంది.

"మళ్ళీ ఏంటికి? పేరు ముందర చోటుంది. ఆ ఒక్క అక్షరం చెక్కివ్వు, నేనేస్తా."

ఆమె చెక్కింది. ముత్తుసామి చాప మీద బాసింపట్టు వేసుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో పత్రిక మీదా తన తండ్రి అక్షరాన్ని అద్దసాగాడు. మూటలు మోసిన చేతులకు అంత చిన్న పని కొత్త. ఒక్కోటి ఒక్కో వంకర పోయింది.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. జెబకుమార్ లోపలికి అడుగుపెట్టి, ఆ దృశ్యం చూసి అక్కడే నిలబడిపోయాడు.

ముత్తుసామి తల ఎత్తలేదు.

"ఏం చూస్తా నిలబడినావు అల్లుడా? చేతులు కడుక్కోని రా. ఆరినవి అటుపక్క పెట్టు."