ఎనిమిది వందల పంతొమ్మిది గీతలు

"రేపు ఆర్మీ స్పెషల్ రైలు గోదావరి దాటాలి. దాటించాల్సింది నువ్వు," అన్నాడు చీఫ్.

1965 సెప్టెంబరు. కరీంనగర్ గెస్ట్‌హౌస్‌లో ఏజెంట్ దేవదాస్ తలూపాడు. భార్య ఆనందమ్మ పోయిన దగ్గర్నుంచి ఏ పనీ కాదనడం లేదు.

"ముఠా నాయకుడు మార్టెన్స్. పక్షుల ఫొటోల పేరుతో మంచిర్యాలలో బంగళా తీసుకున్నాడు. వంతెనకు బాంబు పెట్టాడు. రైలు ఆపినా, బంగళా మీద దాడి చేసినా వంతెననే కూల్చేస్తాడు. ఒడ్డున పోలీసు పహరా ఉంది కాబట్టి టీవీ కెమెరా దాచి, గదిలోంచే చూసి బటన్ నొక్కుతాడు. కెమెరా 625 గీతలది. ఒక్కో దేశం బొమ్మను ఒక్కో లెక్కన గీతలుగా పంపుతుంది. వాడిది బెల్జియం సెట్టు. పొరుగు దేశాలవీ పట్టేందుకు వెనక స్విచ్చి ఉంటుంది."

"లోపల మనవాళ్లు?"

"వాడి సెక్రటరీ అనసూర్య. సెట్టులో ఒక వాల్వు వదులు చేసి ఉంచుతుంది."

మర్నాడు రేడియో మెకానిక్ వేషంలో దేవదాస్ బంగళా చేరాడు. నల్లకళ్లద్దాలు, జార్జెట్ చీర. అనసూర్య గుమ్మంలోనే అడిగింది.

"రేడియో సిలోన్ వస్తలేదు మిస్త్రీ."

"వాన వెలిస్తె వస్తదమ్మా."

కోడ్ కలిసింది.

వాల్వు బిగించగానే తెర మీద వంతెన కనిపించింది. బూడిదరంగు వంతెన, ఒక్క మనిషీ లేడు. దేవదాస్‌కు తన ఇంటి వసారా గుర్తొచ్చింది.

"పని అయ్యేదాక కూసోమంటుండు దొర," అంది అనసూర్య. మార్టెన్స్‌కు ఒక చేతిలో పిస్తోలు, రెండో చేతి బొటనవేలు బటన్ మీద.

తెర అంచున పొగ. ఇంజను వంతెన ఎక్కింది. దేవదాస్ చెయ్యి సెట్టు వెనక్కి జారి, స్విచ్చిని 625 నుంచి ఫ్రాన్సు లెక్క 819కి తిప్పింది.

రైలు ఏటవాలు చారలుగా చీలిపోయింది.

గుమ్మంలోని కాపలాదారు బుచ్చిరాములుకు ఈ కుట్ర ఏమీ తెలియదు. గబగబా లోపలికొచ్చాడు. "మా రేడియో గూడ గిట్లనే జేస్తది దొరా. రెండు దెబ్బలేస్తె పలుకుతది." అరచేత్తో సెట్టును ఫట్టున కొట్టాడు.

ఖరీదైన సెట్టు! మార్టెన్స్ అన్నీ వదిలి రెండు చేతులా దాన్ని కాపాడబోయాడు. ఆ క్షణంలోనే అనసూర్య బటన్ తీగ లాగేసింది. పిస్తోలు దేవదాస్ చేతికి వచ్చింది. అవతలి ఒడ్డున రైలు కూత వేసింది.

సాయంత్రం మంచిర్యాల స్టేషన్ బెంచీ మీద దేవదాస్, అనసూర్య ఇద్దరే.

"ఇంట్ల ఎవలకన్న చెప్తవా?"

"చెప్పొద్దు గద, రూలు." అన్నాడు దేవదాస్. "ఆనందమ్మ ఎటు పోయినవని ఎన్నడడగలే. ఏం తిన్నవని అడిగేది."

"నాకు చెప్పు మరి."

"నీకు తెలుసు గద."

"తెలిస్తేంది? మొదటి సంది చెప్పు."

చెప్పాడు. తీగ లాగిన చోటికి రాగానే అనసూర్య కళ్లద్దాలు తీసి అడిగింది:

"గంత ధైర్యం గల్లామె ఎవలే?"