బురద కింద వీధి

ఎనభయ్యో సంవత్సరం, మాఘ అమావాస్య... పగలు మూడున్నరకే రాహువు సూర్యుణ్ణి మింగేశాడు! కొండలన్నీ ఘోరాంధకారంలో మునిగాయి. వరద ఆపడానికి కట్టిన డ్యాంలో, తూముల మరమ్మతుకని నీళ్లు వదిలేస్తే, ఎనిమిదేళ్ల కిందట మునిగిన ఊరు బురద కప్పుకుని తేలింది. ఎండిన చింతమోడు మీద గుడ్లగూబ కూసింది.

చిట్టెమ్మ ఆ బురదలో కూర్చుని ఉంది. ఎదురుగా, నల్లటి ముగ్గులో, కుంకుమ పూసిన చిన్న కపాలం... తన కనకది! ఊరు మునగడానికి ఏడాది ముందు జ్వరంతో పోయిన తొమ్మిదేళ్ల కూతురు.

ఊరు మారితే, ఎక్కడికి పోతున్నామో చనిపోయినవాళ్లకి చెప్పి కదలడం ఆ కొండవాళ్ల ఆచారం. నీళ్లొచ్చేస్తున్నాయని లారీల్లో ఎక్కించేసరికి ఆ హడావిడిలో ఎవరూ చెప్పలేదు. ఆ బాధ చిట్టెమ్మను తినేస్తోంది. "నీ గుంటని మాటాడిత్తాను" అని మంత్రగాడు సుక్రు అనగానే, పిచ్చితల్లి, పాతిపెట్టిన చోటు తనే చూపించింది.

"హ్రీం... క్లీం... ఫట్!"

నల్లకోడి రక్తం కపాలం మీద చిమ్మింది. చిట్టెమ్మ ఒళ్లు విరుచుకుపోయింది. ఆమె నోటివెంట పసిగొంతు!

"అమ్మా... మీరంతా ఎటెల్పోనారే? రోజూ గుమ్మంకాడ సూత్తన్నాను. ఎవులూ రారు... అమ్మా, ఈడు నన్ను కట్టేత్తన్నాడే!"

సుక్రు వికటంగా నవ్వాడు. "ఇంక నువ్వు నా దాసివే! ఎవుడి కొంపకి నిప్పెట్టమంటే ఆడికెల్తావు!"

ఆ గొంతు ఇంకొక్క క్షణం వినాలని తల్లిప్రాణం కొట్టుకుంది. అయినా కపాలాన్ని కొంగులో చుట్టుకుని పరుగెత్తింది. పైకి అంతా ఒకటే బురద... కింద రాళ్లు పరిచిన పాత వీధి. ఎక్కడ మలుపో ఆమె పాదాలకి తెలుసు.

ఆమెను పట్టుకోవాలని సుక్రు వీధి వదిలి అడ్డంగా దూకాడు. నాలుగో అడుగులో ఊరి ఊటగుంట! నడుం దాకా దిగబడ్డాడు. బురదలోంచి చేతులు లేచాయి... ఒకటి కాదు, వందలు! అతను పిలిచింది ఒక్క కనకని. లేచింది ఊరంతా!

"సిట్టెమ్మా... లాగే!" అన్న కేక మధ్యలోనే ఆగిపోయింది.

గ్రహణం విడిచింది. చిట్టెమ్మ ఏడుస్తూ కపాలాన్ని మళ్లీ పాతింది. తర్వాత పాదాలతో తడుముతూ ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, ఆ ఇంటివాళ్లు ఇప్పుడెక్కడ ఉంటున్నారో చెప్పింది.

చివరికి తన గుమ్మం.

"రోడ్డెక్కి, కాఫీతోట దాటినాక రేకులిల్లు. ముంగిట్లో ములగసెట్టు. వచ్చీ, తల్లీ."

అక్కడ మాత్రం మూడుసార్లు చెప్పింది... చిన్నపిల్ల, దారి మరిచిపోతుందని.