కిటికీ పక్క మంచం

“కిటికీ పక్కనే వెయ్యాలి. కొత్త చోట నిద్ర పట్టకపోతే ఆ వచ్చే పిల్ల బయటికి చూస్తూ పడుకుంటుంది పాపం,” అంది నానమ్మ మళ్లీ.

“అక్కడ వేస్తే బీరువా తలుపు సగమే తెరుచుకుంటుందమ్మా. నా చొక్కాలు సందులోంచి లాక్కోవాలా?” అన్నాడు నాన్న. మంచం ఒక కొస పైకెత్తి అలాగే నిలబడ్డాడు.

“మరి నా మిషనో? వెలుతురు లేకుండా సూదిలోకి దారం ఎలా ఎక్కించను?” అంది అమ్మ. అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది.

“టోర్నమెంట్ అయ్యేదాకా ముందు గదిలో కుట్టుకో తల్లీ.”

“మీ అబ్బాయి టీవీ చూస్తూ నా గుడ్డల మీద కూర్చుంటారు అత్తయ్యా.”

“నేనెప్పుడు కూర్చున్నాను?”

“డాక్టరమ్మగారి కర్టెన్లు ఊరికే నలిగాయా మరి?”

బుడంకాయ స్టూలు మీద కూర్చుని షూ లేసు కట్టుకుంటోంది. ఆ పిల్ల అసలు పేరు బళ్లో టీచర్లకే గుర్తు. పొట్టిగా ఉంటుందని నాన్న సరదాగా పెట్టిన పేరే ఇంట్లో ఖాయమైపోయింది.

మామూలుగా అయితే ఇలాంటి గొడవలో ముందు దూరేది బుడంకాయే. ఇవాళ నోరు మెదపలేదు. ఆ మంచం మీద పడుకోవడానికి ఎవరూ రావట్లేదని ఆ ఇంట్లో తనకొక్కదానికే తెలుసు.

ఎన్నో ఏళ్ల కిందట ఆగిపోయిన పిల్లల ఫుట్‌బాల్ టోర్నమెంట్ మళ్లీ మొదలవుతోంది. పక్క దేశాల జట్లు రేపు దిగుతున్నాయి. గోల్‌కీపర్‌గా ఆడాలని బుడంకాయ రోజూ సాయంత్రం గోడకి బంతి కొట్టి పట్టుకునేది. మోచేతులు గీరుకుపోయేవి. అయినా జట్టులోకి తీసుకోలేదు.

“దూకడం బాగానే దూకుతావమ్మా. ఎత్తుగా వచ్చే బంతులే అందట్లేదు. వచ్చే ఏడాదికి పొడవవుతావులే,” అన్నారు కోచ్ సార్. ఆ వెంటనే, “ఇంతకీ మీ ఇంట్లో పక్క దేశం జట్టు అమ్మాయిని ఒకరిని ఉంచుకుంటారా? వాళ్ల గోల్‌కీపర్,” అని అడిగారు.

ఉంచుకుంటామని చెప్పి రమ్మనే ఇంట్లోవాళ్లు పంపారు. కానీ ‘గోల్‌కీపర్’ అనగానే బుడంకాయకి ఒళ్లు మండింది. గోల్ ముందు నిలబడేదీ ఆ పిల్లే, తన మంచం మీద పడుకునేదీ ఆ పిల్లేనా?

“లేదు సార్. మా ఇల్లు ఇరుకు,” అనేసింది.

ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

“బుడంకాయ్! పరుపు ఎండకి వెయ్యాలి, ఒక చెయ్యి వెయ్యి,” అని నానమ్మ పిలిచింది.

ఇద్దరూ పరుపుని మేడ మీదికి మోసుకెళ్లారు. నానమ్మ కర్రతో దాన్ని దబదబా బాదింది. దుమ్ము లేచింది.

“నానమ్మా, వాళ్లు హోటల్లో ఉండొచ్చు కదా? మన ఇళ్లల్లో ఎందుకు?”

“ఆ పద్ధతి వాన పెట్టింది,” అంది నానమ్మ, కర్ర పక్కన పెట్టి. “అప్పట్లో దేశాల మధ్య చీటికీ మాటికీ గొడవలు. పెద్దవాళ్లు ఎలాగూ కలవట్లేదు, పిల్లలైనా కలిసి ఆడుకోనీ అని ఇక్కడి టీచర్లూ అక్కడి టీచర్లూ కలిసి మొదలుపెట్టారు. కప్పు కొనే స్తోమత కూడా లేదు. మన బడి గంటనే కప్పు అన్నారు. గెలిచిన జట్టు ఆ గంట పట్టుకుపోవాలి.”

“గంటా!” బుడంకాయకి నవ్వొచ్చింది.

“ఆ. మొదటి ఏడాది పిల్లల్ని బళ్లోనే పడుకోబెట్టారు. రాత్రి కురిసిన వానకి పైకప్పు కారింది. వీధి వీధంతా గొడుగులేసుకుని వెళ్లి, తలా ఒక పిల్లని ఇంటికి తెచ్చుకున్నాం. నా గొడుగు కిందికి ఒక గోల్‌కీపర్ వచ్చింది. మా మాట దానికి రాదు, దాని మాట మాకు రాదు. అయినా వెళ్లేలోపు మీ నాన్నకి ఈల వెయ్యడం నేర్పింది.”

“మళ్లీ వచ్చిందా?”

నానమ్మ పరుపు మీద లేని దుమ్ము దులిపింది.

“వెళ్లే రోజు మన వీధి గుమ్మంలో నిలబడి, తల పైన ఇంత ఎత్తున చెయ్యి పెట్టి చూపించింది. వచ్చే ఏడాదికి ఇంత అవుతాను, చూద్దువుగాని అని. ఆ ఏడాది గెలిచింది వాళ్లే. గంట పట్టుకుపోయారు. తర్వాత సరిహద్దు మూసేశారు. గంటా రాలేదు, పిల్లా రాలేదు.” మళ్లీ కర్ర అందుకుంటూ అంది, “అంత పొడవు అయిందో లేదో!”

బుడంకాయ పట్టుకున్న పరుపు అంచు వదిలేసింది. వచ్చే ఏడాది అనే మాట ఎంత దూరంగా ఉంటుందో తనకి తెలుసు. కోచ్ సార్ అన్నప్పటి నుంచీ తను ఆ మాటనే తలుచుకుంటోంది.

“నానమ్మా, ఇప్పుడే వస్తా,” అని మెట్లు దిగి పరిగెత్తింది.

బళ్లో పెద్ద హాలు తలుపు తీసే ఉంది. బెంచీలన్నీ గోడవారకి జరిపేశారు. అంత హాల్లో, ఒక మూల, ఒకే ఒక్క పరుపు పరిచి ఉంది. దాని మీద మడిచిన దుప్పటి.

“ఇదెవరికి సార్?”

“ఇల్లు దొరకని పిల్లకి. మిగతా అందరికీ దొరికాయి,” అన్నారు కోచ్ సార్, బల్బు మారుస్తూ. “వాళ్ల టీచరమ్మ తోడుంటుందిలే.”

బుడంకాయ ఆ పరుపు వంక చూసింది. చుట్టూ అంత ఖాళీ నేల.

“సార్... మా ఇంట్లో చోటుంది. అప్పుడు కూడా ఉంది.”

కోచ్ సార్ నిచ్చెన మీద నుంచి కిందికి చూశారు. తిట్టలేదు. “అయితే ఆ దుప్పటి తీసి బీరువాలో పెట్టెయ్యమ్మా,” అన్నారు.

దుప్పటి పెట్టేసి, గుమ్మం దాకా వెళ్లి, బుడంకాయ వెనక్కి తిరిగింది. “ఆ అమ్మాయి ఎంత పొడవుంటుంది సార్?”

ఇంటికొచ్చేసరికి అందరూ అన్నాల దగ్గర కూర్చున్నారు. మంచం గదికి అడ్డంగా, ఎటూ కాకుండా ఉంది. గొడవ ఇంకా తెగలేదు.

బుడంకాయ కంచం ముందు కూర్చుంది కానీ చెయ్యి పెట్టలేదు.

“మన ఇంట్లో చోటు లేదని నేను సార్‌కి చెప్పాను,” అంది మెల్లగా. “నన్ను జట్టులోకి తీసుకోలేదని కోపమొచ్చి. ఇప్పుడు వెళ్లి, ఉందని చెప్పొచ్చాను.”

అమ్మ చేతిలో గరిటె ఆగింది. నాన్న ఏదో అనబోయాడు. నానమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

“మంచం నాది కాబట్టి కిటికీ పక్కనే వేస్తున్నాం. నేను నానమ్మ పక్కన కింద పడుకుంటాను. నాన్న చొక్కాలు రోజూ నేను తీసిస్తాను. అమ్మకి సూదిలోకి దారం కూడా నేనే ఎక్కిస్తాను.” ఊపిరి తీసుకుని నానమ్మ వైపు చూసింది. “ఆ అమ్మాయి చాలా పొడవట. మంచం చాలక కాళ్లు బయటికొస్తాయి. అందుకని, నా స్టూలు అక్కడ వేస్తున్నాను.”