చక్కెర మరిగిన బాక్టీరియా

"మురుగునీటి ప్లాంట్‌లో నీకు పని పడింది, ముంగిసా!" చీఫ్ స్క్రీన్ మీద ఫొటో వేశాడు. "వీడు కన్సల్టెంట్ వేషంలో దిగిన విదేశీ ముఠా మనిషి. మన ప్లాంట్ బురదలో దొరికిన బాక్టీరియా కోసం వచ్చాడు. ఫ్యాక్టరీలు వదిలే ఫినాల్ విషాన్ని తిని అరాయించుకునే బాక్టీరియా అది. మన నదికి అదే దిక్కు. దాన్ని కనిపెట్టిన సైంటిస్టు..."

"మా ఆవిడ," అన్నాడు ఏజెంట్ ముంగిస.

"వాడికి అమ్ముడుపోయిందేమోనని అనుమానం. కనిపెట్టుకుని ఉండు. 'నీళ్లు తేరాయి' అని వినబడితే మాత్రం ఎక్కడివాడివక్కడ ఆగిపో. అదే కోడ్."

పెట్టుడు మీసం, హెల్మెట్‌లో కెమెరా, మత్తుసూది పేల్చే పెన్ను. పంపు మెకానిక్ వేషంలో ముంగిస ల్యాబ్ అద్దం పక్కన పైపు బిగిస్తూ నిలబడ్డాడు.

"ఈ ప్లేట్లో ఫినాల్ తప్ప వేరే తిండి పెట్టలేదు. బతికి బట్టకట్టినవన్నీ దాన్ని తినేవే. అలా ఏరి పట్టుకున్నాను," అంటోంది ఆవిడ. కన్సల్టెంట్ ఆవిడ భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. ఆవిడ నవ్వుతూ వాడి కాఫీలో రెండు చెంచాల చక్కెర వేసి, స్వయంగా కలిపి ఇచ్చింది.

ముంగిసకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయినప్పటి నుంచీ ఒంటికి మంచిదంటూ అతనికి చేదు కాఫీయే పోసింది మహాతల్లి. నది, ముఠా అన్నీ మరిచిపోయి, ఆ చెంచా కేసే చూస్తూ ఉండిపోయాడు.

ఆవిడ టెస్ట్ ట్యూబ్ అందించింది. వాడు దాన్ని జేబులో వేసుకుని, మెకానిక్‌ని చూసి కన్నుకొట్టి మరీ కారెక్కాడు. కారు గేటు దగ్గరికి వచ్చింది. ముంగిస పెన్ను గురిపెట్టాడు. బొటనవేలు మీట మీద పడబోతోంది.

"ఏమండీ, నీళ్లు తేరాయి," ఇయర్‌పీస్‌లో పెళ్లాం గొంతు. "ఆ పెన్ను జేబులో పెట్టండి."

వేలు ఆగింది. కారు గేటు దాటింది.

ట్యూబ్ మూతలోని ట్రాన్స్‌మిటర్ సాయంత్రానికల్లా ముఠా గూడు చూపించింది. అందరూ దొరికిపోయారు.

"ట్యూబ్ దొరక్కపోయుంటే మన బాక్టీరియా గతేంటి?" ఇంటికొచ్చాక నిలదీశాడు ముంగిస.

"అది పోయినా ఫరవాలేదు. దాన్ని కొన్నాళ్లుగా చక్కెర మీద పెంచాను. తీపి మరిగి ఫినాల్ తినడం మరిచిపోయింది. ఇక ఎందుకూ కొరగాదు. అసలుది నా దగ్గర విషం తింటూ భేషుగ్గా ఉంది."

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చీఫ్ గారే వద్దన్నారు. ఆ మెకానిక్ మా అనుమానం మొగుడేనని వాడికి నేనే చెప్పాను. మీరు కుళ్లుకుంటున్న ఆ మొహం చూశాకే నేను నిజంగా తన వైపేనని నమ్మాడు. నటిస్తే రాదండీ అంత ఏడుపు."

ఆవిడ నవ్వుతూ కాఫీ కప్పు చేతికిచ్చింది. ముంగిస ఒక గుక్క తాగి ఉలిక్కిపడ్డాడు. తియ్యగా ఉంది. రెండు చెంచాలు!

కప్పు మెల్లగా కింద పెట్టాడు.

"ఏమే, నేనింకా పనికొస్తాను కదా?"