ఐదుకు ఒక్క నిమిషం ముందు

ఎగ్జిబిషన్ నిబంధనల కాగితం మీద ముగ్గురు సంతకం పెట్టారు. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్. అయ్యా, దొంగ మీ కిటికీ ఊచలు వంచి రాలేదు. మీరే ఎదురెళ్ళి తీసుకొచ్చి, మెడలో ‘జ్యూరీ’ బ్యాడ్జి తగిలించారు. పిల్లల డ్రాయింగులన్నీ వారం ముందే ఆ చేతుల్లో పోశారు. పైగా తొమ్మిదో నిబంధన ఒకటి: ప్రారంభోత్సవం అయ్యేదాకా ఏ విద్యార్థీ తన మోడల్ బయటివాళ్ళకు చూపకూడదు. స్పాన్సర్ అడిగాడని ఆ ప్రారంభోత్సవాన్ని రేపు సాయంత్రానికి వాయిదా వేశారు. ఎందుకని ఒక్కరైనా అడిగారా?

అడిగింది ఒక వడ్రంగి కూతురు. గూఢచారి విభాగంలో ఆమెను ‘మేకు’ అంటారు. ఒకసారి దిగితే పీకడం కష్టం.

ఈ రోజు మేకు ఎగ్జిబిషన్ హాల్లో ప్యానెళ్ళు బిగించే వడ్రంగి వేషంలో ఉంది. నడుముకు కొలత టేపు, చెవి మీద పెన్సిల్. టేపులో మైకు, పెన్సిల్లో రిసీవరూ రికార్డరూ. చీఫ్ బ్రీఫింగ్ రెండు ముక్కల్లో ముగించాడు: “ఇరవై మూడో స్టాల్లో ఒక విద్యార్థిని చేసిన ఊపిరి యంత్రం ఉంది. విదేశీ ముఠా కన్నేసింది. జ్యూరీలో మన మనిషి, కోడ్‌నేమ్ నెమలి. ఇరవై ఏళ్ళుగా కుర్చీలు డిజైన్ చేసిన చెయ్యి. ఆవిడ చెప్పినట్టు చెయ్.”

స్టాల్లో ఆ అమ్మాయి చెక్కపెట్టె పిడి తిప్పుతోంది. తిప్పినంతసేపూ పెట్టె గొట్టంలోంచి గాలి కొలిచినట్టు వస్తోంది. పసిబిడ్డకు సరిపడా, అంతే.

“కరెంటు అక్కర్లేదా?” అంది మేకు.

“అందుకేగా అక్కా చేసింది. మా తమ్ముడు పుట్టినప్పుడు ఆస్పత్రిలో కరెంటు పోయింది. నలభై నిమిషాలు.”

 పిల్ల పిడి తిప్పుతూనే ఉంది. 

ముందు హీల్స్ చప్పుడు, తర్వాత సెంటు వాసన, చివరికి మనిషి వచ్చింది. హాల్లో కూడా నల్ల కళ్ళద్దాలే.

“ఈ గోడ నిటారుగానే ఉందా?” అంది నెమలి.

“గోడకేం, నేలే వంకర.”

కోడ్ కుదిరింది. నెమలి మేకును పక్కకు లాగి గొంతు తగ్గించింది. “ఐదు లోపల ఆ పెట్టె మీ చీఫ్ లాకర్లో ఉండాలి. ఒక్కరి కంటా పడకూడదు.” అంటూనే పక్క స్టాల్లోని స్టూలు మీద కూలబడింది. “వాహ్, ఎంత ముద్దుగా ఉందో!”

మేకుకు అక్కడే ముల్లు గుచ్చుకుంది. కుర్చీలు చేసేవాళ్ళు స్టూలు కనబడగానే కూర్చోరు. బోర్లించి అడుగు చూస్తారు. అతుకు ఎక్కడ దాచారో చూడందే వాళ్ళకు ముద్ద దిగదు. మేకు నాన్న పెళ్ళిళ్ళలో కూడా కుర్చీలు తిరగేసి అమ్మ చేత తిట్లు తినేవాడు. ఈవిడ కుర్చీలు చేసిన చెయ్యి కాదు.

కొలత తీస్తున్నట్టు వంగి, టేపు స్టూలు కింద వదిలేసి అవతలికి నడిచింది. పెన్సిల్లో నెమలి ఫోన్ గొంతు వినబడింది.

“డ్రాయింగులు లాయర్లకు చేరాయి. రేపు పొద్దున్నే పేటెంట్ దాఖలవుతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ చెయ్యకూడదు. మనమూ చెయ్యం. మన పెద్ద మెషీన్లు అమ్ముడవ్వద్దూ? ఒకటే భయం. ఈలోగా జనం చూశారా, అది అందరికీ తెలిసిన వస్తువైపోతుంది. పేటెంట్ గోవిందా!”

మేకు వెంటనే చీఫ్‌కు ఫోన్ చేసి విన్నదంతా చెప్పింది.

“సరే, ఆవిడ సంగతి నేను చూస్తా. నువ్వు పెట్టె లాకర్‌కు తే,” అన్నాడు చీఫ్.

“లాకర్లో పెడితే వాళ్ళ పని మనం చేసిపెట్టినట్టే సార్.”

“రహస్యం కాపాడడం మన ఉద్యోగం. ఇది ఆర్డర్.”

“పసిపిల్లల ఊపిరి రహస్యమేంటి సార్?” అని ఫోన్ పెట్టేసింది.

నాలుగూ నలభై. ఐదుకు హాలు మూసేస్తారు. ఆ స్టాల్ ప్యానెల్ వెనక రోడ్డు వైపు తలుపుంది. దాని అవతల బస్‌స్టాపు, ఎదురుగా ఆస్పత్రి, షిఫ్టు దిగే వేళ. మేకు అమ్మాయికి అంతా చెప్పి, తలుపు తెరిచి జనానికి చూపిద్దామంది.

“తొమ్మిదో నిబంధన అక్కా! నా డిగ్రీ పోతుంది.”

“పోవచ్చు. అబద్ధం చెప్పను. యంత్రం నీది, మాట నీదే.”

అమ్మాయి పెట్టెను చంకనెత్తుకుంది. “స్క్రూలు తియ్యక్కా.”

పొద్దున తనే బిగించిన ఎనిమిది స్క్రూలు. ఇంత గట్టిగా ఎందుకు బిగించానురా భగవంతుడా అనుకుంటూ తీసింది. తలుపు తెరుచుకుంది. “రండమ్మా, రండి! చూడ్డానికి టికెట్ లేదు!” అని మేకు కేకేసింది.

నర్సులొచ్చారు. బస్సు డ్రైవరొచ్చాడు. పిడి చేతులు మారింది.

“ఆపండి! ఇంకా ప్రారంభించలేదు!” నెమలి పరుగెత్తుకొచ్చింది. ఎవరూ ఆగలేదు. “మెయిన్ ఆపండి! కరెంటు తీసెయ్యండి!”

తీసేశారు. తెరలన్నీ నల్లబడ్డాయి. తిరిగే బొమ్మలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఒక్క ఇరవై మూడో స్టాల్ మాత్రం ఊపిరి తీసుకుంటోంది. ఉఫ్... ఉఫ్...

“మేడమ్ గారూ, మంచి డెమో ఇచ్చారు,” అంది పిడి తిప్పుతున్న పెద్ద నర్సు. సందర్శకుల పుస్తకంలో తేదీ వేసి, టైము వేసి, చూసింది చూసినట్టు రాసి మొదటి సంతకం పెట్టింది. నాలుగూ యాభై తొమ్మిది. ఆమె వెనక క్యూ రోడ్డు దాకా ఉంది.

నెమలి మళ్ళీ ఆ స్టూలు మీదే కూలబడింది. మేకు పెన్సిల్ తీసి చూపించింది. “ఇందులో మీ గొంతు భద్రంగా ఉంది. ఇంకోసారి కూర్చునే ముందు స్టూలు బోర్లించి చూసుకోండి.”

ఆ పుస్తకం చివర ‘మీ సలహాలు’ అని ఒక పేజీ ఉంది. మేకు అదే పెన్సిల్‌తో రాసింది. కింద నూటపదకొండు మంది సంతకం చేశారు.

“తొమ్మిదో నిబంధన ఈ రోజే కొట్టెయ్యండి. డ్రాయింగులు పిల్లలకు తిరిగివ్వండి. ఆ అమ్మాయి డిగ్రీ జోలికి పోకండి. సంతకం పెట్టిన ముగ్గురూ కుర్చీలు దిగండి. వాటిని బోర్లించి అడుగు చూడాలి.”