పెద్దాయన దగ్గర్నుంచి జవాబు

"మా నాన్నగారు పోయి రెండేళ్ళయిందండీ. మొన్న ఆయన ఒక టైలరుకి మెయిల్ రాశారు."

ఆ మాట అనేసి ఆవిడ కుర్చీ అంచున కూర్చుని చీరకొంగుతో మొహం తుడుచుకుంది. బయట సన్నగా వాన పడుతోంది. కిటికీ పక్కన కూర్చున్న మేనకోడలు రాస్తున్న కలం ఆపి మావయ్య వైపు చూసింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. కెటిల్ వంచి ఇంకో కప్పులో టీ పోసి ఆవిడ ముందుకి జరిపాడు.

"ముందు ఇది తాగమ్మా. తర్వాత మొదట్నుంచీ చెప్పు," అన్నాడు.

ఆయన ఉద్యోగం తపాలా ఆఫీసులో మొదలైంది. అది వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టి చాలా ఏళ్ళయినా అందరూ ఇంకా పోస్టుమాస్టారనే పిలుస్తారు. ఉత్తరం ఎవరు రాశారో పైన చిరునామా చూసి చెప్పేస్తాడని చిన్నప్పుడు మేనకోడలు బడిలో గొప్పలు పోయేది. కంప్యూటర్లు నేర్పే ఉద్యోగం మానేసి ఆయన దగ్గర చేరడానికి ఆ గొప్పలే కారణమని ఇంట్లో ఇప్పటికీ దెప్పుతుంటారు.

వచ్చినావిడ పాత కుట్టుమిషన్లకి విడిభాగాలు తయారుచేసే కంపెనీ యజమానురాలు. తండ్రి పెట్టిన కంపెనీ. ఆఫీసు మూలగదిలో వేడెక్కి మొరాయిస్తున్న పాత సర్వర్‌తో వేగలేక, పోయిన నెలలో మెయిళ్ళూ, ఆర్డర్లు తీసుకునే ప్రోగ్రామూ అన్నీ క్లౌడ్‌కి మార్పించింది. పని సాఫీగానే జరిగింది. తండ్రి మెయిల్ పెట్టెని కూడా పారేయడం ఇష్టంలేక కొత్తచోటికి మోయించి, దానికి వచ్చేవి తనకి కనపడేలా పెట్టించుకుంది.

"నిన్న మొదటిసారి అది తెరిస్తే, పైనే ఒక జవాబుంది. ఎక్కడో చిన్న ఊళ్ళో టైలరు. 'అయ్యా, మీ మెయిల్ అందింది, ప్రాణం లేచొచ్చింది' అని. కింద నాన్న రాసినట్టున్న మెయిల్ ఉంది." ఆవిడ ఫోన్ తీసి చూపించింది.

'నీ మిషన్‌కి షటిల్ మన దగ్గర ఉంది, పంపుతున్నాను. కంగారుపడి మిషన్ అమ్ముకోకు. మీ ఆవిడ కాలు ఎలా ఉంది? కొన్నాళ్ళు మెట్లెక్కనివ్వకు.'

"అచ్చం నాన్నేనండీ. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఇలాగే రాసేవారు. సరుకు కూడా నిజంగానే వెళ్ళింది. మా బాబాయి ఇది సర్వర్ చూసే కుర్రాడి పనే అంటున్నారు. క్లౌడ్ వస్తే తన ఉద్యోగం పోతుందని మమ్మల్ని బెదరగొడుతున్నాడట. సాయంత్రం లోపు పోలీసులకి అప్పగించమని పట్టుబట్టారు. అతని భార్యకి ఇవాళో రేపో పురుడు. నాకేం పాలుపోవడం లేదు."

పోస్టుమాస్టారు గొడుగు అందుకున్నాడు.

కంపెనీ హాలు పొడవుగా, చల్లగా ఉంది. మెషీన్ ఆయిల్ వాసన. గోడవారన చెక్క సొరుగుల్లో వేలెడంత ఇనుప ముక్కలు రకాలవారీగా పేర్చి ఉన్నాయి. ఆ వాసన తగలగానే మేనకోడలికి తన అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, తొక్కుతున్న పెడల్‌తో పాటు ఊగిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. ఒక సొరుగు ముందు కాసేపు నిలబడిపోయింది.

బాబాయి ఆవిడ తండ్రికి, అంటే పోయిన పెద్దాయనకి, తమ్ముడు. చెవిలో మిషన్ పెట్టుకున్నాడు. ప్రతి ప్రశ్నకీ చెయ్యి చెవి దగ్గర పెట్టి ముందుకి వంగుతున్నాడు.

"మీకు ఈ మార్పు ఇష్టమేనా?" అని అడిగాడు పోస్టుమాస్టారు.

"ఏమిటీ?"

"క్లౌడ్ అండీ! ఇష్టమేనా?"

"ఇష్టమేమిటి! మన సామాను ఎవరింట్లోనో పెట్టి, తాళం వాళ్ళ చేతికిచ్చినట్టుంది. వద్దని మొత్తుకున్నాను. అలాగని మా అన్న పేరుతో ఆటలాడతానా? ఫోన్ మోగితేనే దూరంగా పోయేవాణ్ణి, ఈ కంప్యూటర్ల గొడవ నాకెందుకు?"

సర్వర్ చూసే కుర్రాడు మూలగదిలో, ఆపేసిన యంత్రం పక్కన ముడుచుకుని నిలబడ్డాడు.

"నేను చేరి ఏడాది కూడా కాలేదు సార్. పెద్దాయన్ని నేను చూడనే లేదు. ఫోటోలో తప్ప."

"పాస్‌వర్డ్ లేకుండా ఆయన పేరుతో మెయిల్ ఎలా వెళ్ళింది?" అడిగింది మేనకోడలు.

"పాత ఆర్డర్ల ప్రోగ్రాం నుంచి మేడమ్. కొత్త ప్రోగ్రాంలో పాత మోడళ్ళు ఎక్కించలేదు, అందుకని అది గోడౌన్ గుమ్మంలో ఉన్న ఒక్క కంప్యూటర్ మీద ఉంచాం. ఆ మోడళ్ళ గురించి ఫోన్లొస్తే నాకే కలుపుతారు. ఆఫీసు లోపల్నుంచే వస్తోంది కదా అని, దాని మెయిళ్ళని క్లౌడ్ పాస్‌వర్డ్ అడక్కుండా వదిలేస్తుంది. పంపేవాళ్ళ పేరు ఏది కొడితే అది. ఆ దారి మూసేయమన్నారు, నేనే ఇంకా మూయలేదు." అతను తల దించుకున్నాడు. "ఆ కంప్యూటర్ దగ్గరికి ఎవరైనా వెళ్ళొచ్చు, ఆర్డరు కూడా కొట్టొచ్చు."

"మరి చదవడం? పెద్దాయనకి వచ్చేవి?"

"కొత్తచోట అది కుదరదు మేడమ్. కొత్త పాస్‌వర్డూ, ఫోన్‌కి వచ్చే అంకెలూ రెండూ కావాలి. అవి మేడమ్ గారి దగ్గరే ఉన్నాయి."

మేనకోడలు అది రాసుకుంది. తర్వాత యజమానురాలి అనుమతితో పెద్దాయన మెయిల్ పెట్టె తెరిచి చూసి, "మావయ్యా!" అని కేకేసింది. పోయాక కూడా ఆయనకి జవాబులు వస్తూనే ఉన్నాయి. దర్జీలు, బొంతలు కుట్టేవాళ్ళు, ఒక సర్కస్‌లో డేరాలు కుట్టే ముసలాయన. అందరూ ఆయన రాసినదానికి బదులు రాసినవాళ్ళే. రెండేళ్ళ కిందటి నుంచీ. అన్నీ ఎవరో తెరిచి చదివినవే. పోయిన నెలలో మార్పు జరిగాక వచ్చినవి మాత్రం, టైలరుది తప్ప, చదవకుండా ఉండిపోయాయి.

పోస్టుమాస్టారు టైలరుకి ఫోన్ చేశాడు. "మీ ఆవిడ కాలి సంగతి మెయిల్లో రాశావా?"

"లేదండీ, నేను వాళ్ళకి మెయిల్ రాయనే లేదు. ఫోన్ చేశాను. ముందు ఎవరో ఎత్తారు, తర్వాత ఇంకెవరికో కలిపారు. ఆ షటిల్ ఇప్పుడు రాదన్నారు. అప్పుడు నా బాధంతా వెళ్ళగక్కాను, ఎవరి దగ్గరో గుర్తులేదు."

చివరగా పెద్దాయన గదికి వెళ్ళారు. అలాగే ఉంచారు. ఆయన బల్ల మీద కీబోర్డు దుమ్ము తుడిచి ఉంది. హాల్లో కీబోర్డుల మీద అక్షరాలు చెరిగిపోతే, దీని మీద ఒక్కటీ చెరగలేదు.

గది బయట ఫోన్ బోర్డు దగ్గర, జుట్టు నెరిసినావిడ ఫోన్లు కలుపుతోంది. ఆఫీసులో అందరూ ఆవిడని పిన్నిగారంటారు. ఒకప్పుడు టైపిస్టు.

"పెద్దాయన టైపు చేసేవారా అమ్మా?" అడిగాడు పోస్టుమాస్టారు.

"ఆయనకి అన్నీ వచ్చండీ," అందావిడ, మోగుతున్న ఫోన్ అందుకుంటూ. ఎత్తేసరికి అది ఆగిపోయింది.

సాయంత్రానికి అందరూ పెద్దాయన గదిలో చేరారు. పోస్టుమాస్టారు కూర్చోలేదు.

"ఇది క్లౌడ్‌ని ఆపడానికి ఎవరో ఆడిన నాటకం అనుకున్నారు. కాదు. క్లౌడ్ అనే మాట ఈ ఆఫీసులో వినపడకముందే ఈ మెయిళ్ళు మొదలయ్యాయి. మార్పు వల్ల అవి మొదలవలేదు, బయటపడ్డాయి. రెండేళ్ళ కిందట ఈ అబ్బాయి ఇక్కడ లేడు. కనక ఇతన్ని వదిలేయండి."

కుర్రాడు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. బాబాయికి వినపడలేదు. మేనకోడలు చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"రాసేవాళ్ళు మొన్నటిదాకా పెద్దాయన పెట్టె తెరిచి చదివేవారు. మార్పుతో పాస్‌వర్డ్ మారింది, చదివే వీలు పోయింది. పాత ప్రోగ్రాం పుణ్యమా అని పంపే వీలు మాత్రం మిగిలింది. అందుకే ఈసారి వాళ్ళు జవాబు రాసింది మెయిల్‌కి కాదు, ఫోన్‌కి. కాలి సంగతి టైలరు ఫోన్లోనే చెప్పాడు. బాబాయిగారు ఫోన్ జోలికి పోరు. విన్నది ఇద్దరే. ఒకరు పాత మోడళ్ళ ఫోన్లు తీసుకునే ఈ అబ్బాయి. రెండోవారు ఫోన్ కలిపినవారు."

పిన్నిగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తోంది.

"ఇంకొక్కటి," అన్నాడాయన, గొంతు తగ్గించి. "అచ్చం ఆయన రాసినట్టే ఎలా రాయగలిగారు? ఈ కీబోర్డు చూడండి. పెద్దాయన ఏనాడూ టైపు చేయలేదు."

యజమానురాలు లేచి నిలబడింది. "అంటే... హాస్టల్‌కి నాకొచ్చినవి?"

పిన్నిగారు తలెత్తింది.

"ఆయన చెప్పేవారమ్మా, నేను కొట్టేదాన్ని. ఎక్కువ మాటలు రావు ఆయనకి, నీకు తెలుసుగా. 'అమ్మాయికి అక్కడ చలిగా ఉందేమో కనుక్కో' అనేవారు. మిగతాది నేను అల్లేదాన్ని. చదివి వినిపిస్తే, 'ఆఁ, అదే నేననుకున్నది' అనేవారు. ఒక్కోసారి ఏమీ చెప్పలేక అలా నిలబడిపోయేవారు. అప్పుడు నేనే రాసేదాన్ని."

"నేను చెప్పుకున్నవన్నీ ఆయన చదివారా?" అడిగిందావిడ.

"ఒక్కటీ వదల్లేదు. నీకు జ్వరమొచ్చిందని రాసినప్పుడు మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. ఆ వేళ భోజనం కూడా చేయలేదు."

యజమానురాలు మొహం తిప్పేసుకుంది. "మరి ఆయన పోయాక ఎందుకు రాశారు పిన్నిగారూ?" అంది.

"పెద్ద డీలర్లందరికీ కబురు వెళ్ళింది. ఈ చిన్నవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు మామూలుగానే రాశారు, 'అయ్యా బాగున్నారా' అని. ఆయన లేరని చెప్దామనే కూర్చున్నాను. వేళ్ళు ఆడలేదు. బాగున్నానని కొట్టేశాను. ఆ తర్వాత ఆగడం నా వల్ల కాలేదు. అలా రాస్తున్నంతసేపూ ఆయన ఈ గదిలోనే ఉన్నట్టుండేది." ఆవిడ కుర్రాడి వైపు తిరిగింది. "నీ మీదకి వస్తుందని తెలియదు నాయనా. పొద్దున తెలిసింది. సాయంత్రం లోపు చెప్పేద్దామనే ఉన్నాను. నోరు రాలేదు. తప్పు నాది."

బాబాయి చెవిలోంచి మిషన్ తీసి జేబురుమాలుతో తుడవసాగాడు. "అన్నయ్యకి ఆ మాటలెక్కణ్ణించి వచ్చేవా అని నేనూ అనుకునేవాణ్ణి," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. తర్వాత కుర్రాడి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. "నోరు జారానురా అబ్బాయీ. నువ్వు ఇంటికెళ్ళు, ఆ పిల్ల దగ్గరుండు."

పోలీసుల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. యజమానురాలు చాలాసేపు ఆలోచించి, పెద్దాయన పేరుతో ఇక మెయిల్ వెళ్ళకూడదని ఖండితంగా చెప్పింది. పాత మోడళ్ళని కొత్త ప్రోగ్రాంలో ఎక్కించమంది. ఆ చిన్న టైలర్ల బాధ్యత పిన్నిగారికే ఇచ్చింది, ఆవిడ సొంత పేరుతో.

"ముందు వాళ్ళందరికీ నిజం చెప్పాలి," అంది.

"నా వల్ల కాదమ్మా."

"నేను పక్కన కూర్చుంటాను."

పోస్టుమాస్టారు మేనకోడలికి సైగ చేశాడు. ఇద్దరూ చప్పుడు కాకుండా బయటికి నడిచారు. గుమ్మం దాటుతూ మేనకోడలు ఒక్కసారి వెనక్కి చూసింది. రెండు కుర్చీలు దగ్గరగా జరిగాయి. కంప్యూటర్ తెర వెలుగులో ఇద్దరి తలలూ ఆనుకుని ఉన్నాయి. మొదటి పేరు ఆ సర్కస్ ముసలాయనది. పిన్నిగారు వేళ్ళు కీబోర్డు మీద పెట్టి, అలాగే ఉంచి, చివరికి ఒక్కో అక్షరమే కొట్టడం మొదలుపెట్టింది.