మేస్త్రి చేతి వాతం

పొద్దున్నే టీ నీళ్ళు మరిగేలోపు మొగుడి కుడిచేతికి నూనె పట్టించడం సెల్లాత్తాళ్‌కి మూడు నెలలుగా అలవాటైపోయింది. కాంక్రీటు పని ఉన్న రోజల్లా సడయప్పన్ మేస్త్రికి ఆ చెయ్యి మోచేతి దాకా జివ్వుమంటోంది. వాతమని వైద్యుడు తేల్చేశాడు.

"కాస్త గట్టిగా రుద్దవే! ఇవాళ గౌండరుగారి మేడకి శ్లాబు. రాహుకాలం రాకముందే మొదలెట్టాలి."

"రుద్దడానికి నా చేతుల్లో బలముండొద్దూ!" అంది సెల్లాత్తాళ్.

ఇంతలో కూతురు పూంగొడి ఒక తెల్ల పెట్టె పట్టుకుని వచ్చింది. ఐటీఐలో కరెంటు పని నేర్చుకుని, పక్కనున్న గోబి పట్నంలో ఇళ్ళకు వైరింగు చేస్తున్న పిల్ల.

"నాన్నా, కాంక్రీటు మోటారుకి ముందు ఇది తగిలిద్దాం. కరెంటు ఏ కాస్త బయటికి కారినా దానంతటదే ఆపేస్తుంది."

"ముప్పై ఏళ్ళుగా శ్లాబులు పోస్తున్నా. కరెంటు నన్నెప్పుడైనా కరిచిందా? రేపు పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి కూడా ఇదే చూపించేట్టున్నావు!"

విసుక్కున్నాడే గాని పెట్టెను బండిలో పెట్టనిచ్చాడు. కూతురంటే ఆయనకి ప్రాణం. ఆ సంగతి ఆ పిల్లకి తప్ప ఊరందరికీ చెబుతాడు.

కట్టే ఇల్లు గుడితో సమానమని మేస్త్రి నమ్మకం. ఆయన శ్లాబు మీదికి చెప్పులతో ఎవరూ ఎక్కకూడదు. సెల్లాత్తాళ్‌తో సహా పనివాళ్ళంతా ఉత్తకాళ్ళతో, నీళ్ళు కొట్టిన ఇనప చువ్వల మీద నిలబడ్డారు. కాంక్రీటును కుదిపి సర్దే మోటారుని చువ్వల మీద పెట్టి స్విచ్చి వేయగానే పూంగొడి తగిలించిన తెల్ల పెట్టె టక్కున ఆపేసింది. మళ్ళీ వేశారు. మళ్ళీ ఆగింది. మూడోసారీ అంతే.

కింద శ్లాబు విందుకి బిర్యానీ దమ్ములో ఉంది. గౌండరు గడియారం చూసుకుంటూ గొంతు సవరించాడు.

"పీకి పారెయ్ ఆ దిష్టి పెట్టెని!" అని అరిచాడు మేస్త్రి.

"పీకను. పెట్టె బాగానే ఉంది. నీ మోటారే బాగాలేదు."

"ఇక్కడ మేస్త్రిని నేనా, నువ్వా?"

"నువ్వే. అందుకే ముందు పోయేది కూడా నువ్వే!"

మేస్త్రి చెయ్యెత్తాడు. పాతికేళ్ళలో ఎన్నడూ లేనిది. సెల్లాత్తాళ్ అడ్డం వచ్చి ప్లగ్గు లాగి కూతురి చేతిలో పెట్టింది. "ముందు దీన్ని విప్పవే. నిజమేంటో తేలాక తన్నుకు చావండి."

పూంగొడి విప్పింది. లోపల ఆకుపచ్చ తీగ మొదలంటా కోసేసి ఉంది.

"ఇదెవరు కోశారు?"

"నేనే. రెండు తీగలతో తిరుగుతుంటే మూడోది ఎందుకని..."

"కారిన కరెంటు భూమిలోకి పోయే దారి అదే నాన్నా! అది లేకపోతే మోటారు పట్టుకున్నవాళ్ళ ఒంట్లోంచి పోతుంది. తడి ఇనుము మీద ఉత్తకాళ్ళతో నిలబడితే ఇంకేం కావాలి? నీది వాతం కాదు, కరెంటు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. సెల్లాత్తాళ్ నవ్వలేదు. మేస్త్రి దాని గొట్టం కాంక్రీటులో దించి తిరుగుతుంటే ఆ మోటారు మోసేది ఆవిడే.

"నాకూ జివ్వుమంటోందే," అంది మెల్లగా.

"మరి చెప్పవేం?" అన్నాడు మేస్త్రి.

"ఇద్దరికీ వాతమంటే ఎవరికెవరు రుద్దాలయ్యా?"

మేస్త్రి పనివాళ్ళ వైపు తిరిగాడు. "ఇంకెవరికైనా ఇలా ఉందా? చేతులెత్తండి."

ముందు మారప్పన్ ఎత్తాడు. "తాగుడు వల్లేమో అనుకుని రెండు నెలలుగా మానేశానన్నా! అన్యాయమైపోయాను."

తర్వాత కరుప్పాయి ఎత్తింది. షుగరనుకుని తీపి ముట్టడం లేదట. ఆ వెనక మరో ముగ్గురు. అంతా ఆ మోటారుని ఎప్పుడో ఒకప్పుడు ఎత్తినవాళ్ళే. ఒక్కొక్కరూ తమకేదో రోగమనుకుని నోరు మూసుకున్నారు.

మేస్త్రి అక్కడే చువ్వల మీద కూలబడి, కూతురి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇంకో మోటారు తెప్పించు తల్లీ. నువ్వు సరేనంటేనే పని మొదలు."

"రాహుకాలం వచ్చేస్తోందయ్యా!" అన్నాడు గౌండరు.

"రానీయండయ్యా. అది గంటన్నర ఉండి పోతుంది. వీళ్ళలో ఒక్కరు పోయినా నేను తేగలనా?"

కళ్ళు తుడుచుకుని లేచి పనివాళ్ళతో గట్టిగా అన్నాడు. "అందరూ కిందికెళ్ళి చెప్పులేసుకు రండి. దేవుడికి నేను చెప్పుకుంటాను."